అటక మీది సీసా

మా ఇంట్లో నేనొక్కదాన్నే డాక్టర్ని. అదీ మందు చీటీ రాయని డాక్టర్ని. జ్వరమొస్తే మా వాళ్లెవరూ నా మొహం చూడరు, వీధి చివర క్లినిక్కుకి పోతారు. మనుషుల ఒంట్లోంచి కోసి తీసిన ముక్కల్ని మైనంలో పోత పోసి, ఉల్లిపొర కంటే పల్చగా తరిగి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద పెట్టి ఇది మంచి గడ్డా చెడ్డ గడ్డా అని చెప్పడం నా పని. చింతాద్రిపేటలో ఉండే మా చిన్నమ్మ నా ఇన్నేళ్ల చదువుని ఒక్క మాటలో తేల్చేసింది: "ముక్కల డాక్టరు." పెళ్లిళ్లలో నా చేత్తో వడ్డిస్తే వద్దనే బంధువులు కూడా ఉన్నారు. ఆ చేత్తో పొద్దున ఏం పట్టుకుని వచ్చిందో అని వాళ్ల అనుమానం.

నాకు కోపం తొందరగా వస్తుంది. అది అందరికీ తెలుసు. కానీ ఇప్పుడు చెప్పబోయే సంగతిలో నాకొచ్చిన కోపాలన్నీ న్యాయమైనవే.

ఆ చిన్నమ్మకి ఒక్కతే కూతురు. నాకంటే పదేళ్లు చిన్నది, నా చంకలో పెరిగిన పిల్ల. మాది ఎన్ని తరాలుగానో మద్రాసులో పాతుకుపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. చెల్లెల్ని మాత్రం బెజవాడ సంబంధానికిచ్చారు. అబ్బాయికి ఉద్యోగం ఈ ఊళ్లోనే. షోళింగనల్లూరులో పన్నెండో అంతస్తు ఫ్లాటులో భర్త, అత్తగారు, రెండో క్లాసు చదివే కూతురితో ఉంటుంది.

పోయినేడు దీపావళి వెళ్లాక పట్టిన ముసురులో దాని కడుపు ఉబ్బడం మొదలైంది. నొప్పి లేదు, జ్వరం లేదు. ఫోన్ చేసి ఒక మాట చెప్పింది. ఆ మాట నాకు ఇప్పటికీ వీపు మీద పాకినట్టుంటుంది.

"లోపల ఎవురో కూచోని ఉండారక్కా. కదల్లేదు, మెదల్లేదు. గమ్మున కూచోనుండారు."

స్కాన్ తీస్తే కడుపు నిండా చిన్నవీ పెద్దవీ గడ్డలు. అక్కడికి దగ్గర్లోనే ఒక ఆసుపత్రిలో సర్జను చిన్న రంధ్రం చేసి కెమెరా పెట్టి చూశాడు. బయటికొచ్చి భర్తతో అన్నాడట: కొవ్వు పొర మీదా, పేగుల మీదా, కడుపు గోడల మీదా సగ్గుబియ్యం చల్లినట్టు ఉన్నాయి, కొన్ని నిమ్మకాయంత ఉన్నాయి, చూపుకి మంచి రకంలా లేవు, బయాప్సీ రానివ్వండి అని. ఆ చివరి రెండు మాటలు ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. మొదటివి చాలు కదా ఒక ఇల్లు కూలిపోవడానికి.

మన వైపు చాలా చోట్ల కోసి తీసిన ముక్కని సీసాలో వేసి, మందు నీళ్లు పోసి, బంధువుల చేతికే ఇస్తారు, ల్యాబుకి మీరే పట్టుకెళ్లండి అని. చెల్లెలి భర్త, నా మరిది, ఆ సీసాని కారులో ఒళ్లో పెట్టుకుని, ట్రాఫిక్కులో గంటన్నర కూర్చుని మా ల్యాబుకి తెచ్చాడు.

"వదినగారూ, మీరే చూడండి. ఇంకెవర్నీ నమ్మలేను," అన్నాడు.

మా ల్యాబులో ఒక నియమం ఉంది. సొంత మనిషి ముక్కని సొంత మనిషి చదవకూడదు. ఇది కాగితం మీద ఎక్కడా లేదు, మా పెద్దాయన పెట్టింది. ఆయన తమిళుడు, నాకు ఈ విద్య నేర్పిన గురువు, ఇప్పటికీ రోజూ పొద్దున్నే వచ్చి కిటికీ పక్క మైక్రోస్కోపు ముందు కూర్చుంటాడు. "భయపడే కన్ను లేనిది చూస్తుంది," అంటాడు. అందుకని ఆ సీసాని ఆయన పేరు మీదే నమోదు చేయించాను. స్లైడులు తయారై వచ్చిన రోజు ఆయన ఇంకా రాలేదు. నేను చూసేశాను.

స్లైడులో ఉన్నది కండ. ఆ కండ సంగతి కొంచెం చెప్పాలి. మన చేతిలో, కాలిలో ఉండే కండ మనం చెప్పినట్టు వింటుంది. పేగుల్లో, రక్తనాళాల్లో, గర్భసంచిలో ఉండేది అలా కాదు. అది మనల్ని అడగదు. మనం నిద్రపోతున్నా దాని పాటికి అది ముడుచుకుంటుంది, వదులవుతుంది. ఆ కండలోంచి పుట్టే గడ్డలు ఎక్కువగా అమాయకమైనవి, ఆడవాళ్లలో చాలామంది కడుపులో చడీచప్పుడూ లేకుండా ఉంటాయి. కొన్ని మాత్రం ప్రాణం తీసే రకం. చిక్కేమిటంటే రెంటికీ పోలికలు కలుస్తాయి. అదే జడ అల్లిక, అదే పొడుగాటి కణం. కేంద్రకాలు వికారంగా, ఒకదానికొకటి పొంతన లేకుండా పెరిగాయా అని చూస్తాం. ఎన్ని కణాలు రెండుగా చీలుతున్నాయో లెక్కపెడతాం. మధ్యలో చచ్చిన మచ్చలున్నాయా అని వెతుకుతాం. ఈ మూడూ కలిపి తూచి ఒక మాట రాస్తాం. ఆ మాట మీద ఒక మనిషి బతుకు నడుస్తుంది.

మొదట చూసినప్పుడు అంతా ప్రశాంతంగానే కనిపించింది. పాయలు పాయలుగా, ఒకే పోలికతో. ఆ ప్రశాంతమే నాకు నచ్చలేదు. మళ్లీ చూశాను. ఈసారి నల్లటి చుక్కలు కనపడ్డాయి. చీలుతున్న కణాలేనా? ముడుచుకుని చస్తున్న కణం కూడా అలాగే నల్లగా ఉంటుంది. వేల స్లైడుల్లో ఆ తేడా కనుక్కున్నదాన్ని, ఆ రోజు ఒక్కదాన్నీ తేల్చలేకపోయాను. ఒకసారి లెక్కపెడితే రెండు, మళ్లీ చూస్తే ఏడు. కళ్లు మూసుకుని తెరిస్తే స్లైడంతా చుక్కలే.

ఆ తర్వాత ఒక ముక్క అంచున గులాబి రంగు మచ్చ కనిపించింది. అందులో కణాల గీతలు ఉన్నాయి, లోపల కేంద్రకాలు లేవు. ఇల్లుంది, మనిషి లేడు. మా పుస్తకాల్లో వాటిని దయ్యపు కణాలనే అంటారు, ఇది నా కవిత్వం కాదు. ఆ దయ్యాలకీ బతికున్న కణాలకీ మధ్య మచ్చకట్టిన కంచె ఉంటే భయం లేదు, రక్తం అందక చచ్చాయన్న మాట. కంచె లేకుండా బతికినవీ చచ్చినవీ ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటే అది కాన్సరు చేసిన పని. ఆ ముక్కలో మచ్చ సరిగ్గా అంచున తెగిపోయింది. అటు ఏముందో కనపడలేదు.

నేను ఆ కుర్చీలో కూర్చుని దయ్యాల వైపు చూస్తూ ఉండిపోయాను. అవి నా చెల్లెలి కడుపులో ఇప్పుడు, ఈ క్షణాన, అలాగే ఉన్నాయి కదా అనిపించింది.

పెద్దాయన వచ్చి నన్ను చూడగానే సంగతి గ్రహించాడు. స్లైడులు తన వైపు లాక్కున్నాడు, ఇంకొన్ని ప్రత్యేకమైన రంగులు వేయించమన్నాడు. రెండ్రోజులకి అవి వచ్చాక నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఇది పేగు కండ కాదు. గర్భసంచి కండ," అన్నాడు తమిళంలో. "కానీ స్కానులో గర్భసంచి శుభ్రంగా ఉంది. అందులో గడ్డ లేదు. మరి ఈ కండ పేగుల మీదికి ఎలా నడిచొచ్చింది?"

నేను స్కాను కాగితం మళ్లీ తిరగేశాను.

"గర్భసంచి నుంచి రాలిందని తెలిస్తే నేను భయపడను. ఎక్కడి నుంచో తెలియకపోతే, ఆ మచ్చతో, మంచిదని సంతకం పెట్టలేను. ఇంతకు ముందు ఏమైనా ఆపరేషన్ అయిందా?"

ఆసుపత్రి కాగితంలో భర్త చెప్పి రాయించింది ఉంది. పెళ్లికి ముందు అపెండిక్స్ ఆపరేషన్, అంతే. నాకు తెలిసిందీ అదే. ఆ రోజుల్లో నేను పై చదువుకి వేరే ఊళ్లో ఉన్నాను. అపెండిక్స్‌లోంచి గర్భసంచి కండ రాదు.

సర్జను రోజూ ఫోన్ చేస్తున్నాడు. తేల్చలేమని రాస్తే ఆయన చెడ్డదనే అనుకుని గర్భసంచి, అండాశయాలు, కొవ్వు పొర, పేగుల్లో కొంత తీసేస్తాడు, ఆపైన కీమో. మంచిదని రాసి అది అబద్ధమైతే చెల్లెలు ఎక్కువ రోజులు ఉండదు. ఏది రాసినా నష్టం దాని ప్రాణానికే. కాబట్టి షోళింగనల్లూరు బయల్దేరాను.

ఆ ఇంట్లో అడుగు పెట్టేసరికి టీవీ నడుస్తోంది, చప్పుడు లేదు. బెజవాడ నుంచి వచ్చిన చుట్టాలు సోఫాలో వరసగా కూర్చుని పళ్ల సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని ఉన్నారు. ఒక్కొక్కళ్లే లోపలికెళ్లి చెల్లెల్ని చూసి వస్తున్నారు. చూడ్డం కూడా మామూలు చూపు కాదు, గుర్తుపెట్టుకునే చూపు. బయటికొచ్చి కళ్లు తుడుచుకుని కాఫీ తాగుతున్నారు. రోగి ఎదుట ఒక్క మాట పొక్కకూడదని అందరికీ ఆంక్ష. అత్తగారు వంటింట్లో పెసరట్లు పోస్తోంది. పొద్దున గోంగూర, మధ్యాహ్నం పులిహోర, కోడలు ఏది నోరు తెరిచి అడిగితే అది. ఆవిడ ఇన్నేళ్లలో కోడల్ని ఏం తింటావని అడిగిన పాపాన పోలేదు.

చెల్లెలు మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది.

"మొన్న ఫోటో తీసినారక్కా. పట్టుచీర కట్టుకోమనినారు. ఆధార్‌లో ఫోటో మార్చాలంట. నవ్వినా. నవ్వొద్దు, నేరుగా చూడు అనినారు."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"ఆధార్‌కి పట్టుచీర దేనికక్కా?" అంది, గొంతు తగ్గించి.

దానికి అంతా తెలుసు. ఇంట్లో అందరూ దాని దగ్గర దాస్తున్నారు, అది అందరి దగ్గరా తెలియనట్టు దాస్తోంది. నేను చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగాను, పెళ్లికి ముందు అయిన ఆపరేషన్ ఏమిటని. సరిగ్గా అప్పుడే అత్తగారు పాల గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది.

"అపెండిక్స్ దానే. నీకు తెలీదా ఏమి?" అంది చెల్లెలు. అంటూనే దుప్పటి కింద నా వేలు పట్టుకుని విరిగిపోయేట్టు నొక్కింది. అత్తగారు గ్లాసు పెట్టి అటు తిరగ్గానే పెదాలు కదిపింది. "అమ్మనడుగు."

బయటికి వస్తూ చేతులు కడుక్కోవడానికి అత్తగారి గది దాటాను. బీరువా పక్కన ఒక పటం గోడ వైపు తిప్పి పెట్టి ఉంది. ఎందుకో తిప్పి చూశాను. చెల్లెలు. పట్టుచీరలో, నవ్వకుండా, పటం అద్దం వెనక నుంచి నేరుగా నన్నే చూస్తోంది. పైన దండకి మేకు, కింద ఎర్ర బల్బు పెట్టడానికి చిన్న అర. పక్క గదిలోంచి అదే మనిషి దగ్గు వినపడుతోంది.

"తర్వాత ఎవరికి ఓపికుంటుంది తల్లీ, కొట్ల చుట్టూ తిరగడానికి?" అత్తగారు నా వెనకే నిలబడి ఉంది. "నేనైతే తట్టుకోలేను. అందుకే ముందే..." అని కొంగు నోట్లో కుక్కుకుంది.

తిట్టాలనే వెనక్కి తిరిగాను. ఆవిడ మొహం చూశాక నోరు రాలేదు. పటం మళ్లీ గోడకి తిప్పేసి చింతాద్రిపేటకి బండెక్కాను.

చిన్నమ్మ ఇల్లు కూవం మురుగేటి గట్టుకి రెండు సందుల అవతల. వాన కురిస్తే ఆ వాసన ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. చిన్నమ్మ మధ్యగదిలో గోడకి చేరగిలబడి ఉంది. నాలుగు రోజుల్లో నాలుగేళ్లు పెరిగినట్టుంది. నేను చెప్పులు విప్పుతూనే అడిగాను. ఆవిడ కొంగు సర్దుకుంది.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాదంటారే, ఆ సామెత నువ్వు విన్లేదా మ్మే?"

"నీ కూతురి కడుపు ఇప్పటికే చించినారు చిన్నమ్మా!" అని అరిచాను. "ఇంకా ఏం దాస్తావు?"

ఆవిడ చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. పెళ్లి చూపులు నడుస్తున్న రోజుల్లో చెల్లెలికి గర్భసంచి మీద గడ్డ కనపడిందట. బెజవాడ వాళ్లకి తెలిస్తే పిల్ల తల్లి అవుతుందో లేదో అని సంబంధం వదిలేస్తారు. అందుకని ఎవరికీ తెలియకుండా ఒక నర్సింగ్ హోములో కీహోలు ఆపరేషన్ చేయించి, ఊరందరికీ అపెండిక్స్ అని చెప్పారు. నాకు కూడా.

"నువ్వు ముక్కల డాక్టరువి గదా, నీకు చెప్తే నలుగురికి తెలస్తాదని బయం."

"కాన్పప్పుడు? అప్పుడైనా డాక్టరుకి చెప్పారా?"

"అప్పుడూ అపెండిక్సే."

గర్భసంచి మీది ఆ కుట్లు నొప్పుల్లో విచ్చుకుని ఉంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవాళ్లు కారు. గోడకి తల కొట్టుకోవాలనిపించింది. కానీ అడగాల్సింది ఇంకా ఉంది.

"ఇంత చిన్న బొక్కలోంచి అంత గడ్డ ఎట్లా తీశారు?"

"మిషనుతో తురిమి తీసినారంట. కొబ్బరి తురిమినట్ట. పొడుగు పొడుగు ముక్కలుగా వచ్చింది."

అప్పుడు అర్థమైంది. కొబ్బరి తురిమితే చుట్టూ పొడి రాలకుండా ఉంటుందా? ఆ గడ్డ పొడి దాని కడుపులోనే రాలింది. రాలిన ప్రతి పలుకూ ఎక్కడ పడితే అక్కడ అంటుకుని, పేగు దగ్గర ఇంత, కొవ్వు పొర దగ్గర ఇంత రక్తం అడుక్కుని, ఏళ్ల తరబడి చీకట్లో పెరిగింది. తీసి పారేశాం అనుకున్నది ఎక్కడికీ పోలేదు. చెల్లెలు చెప్పింది నిజమే, లోపల కూర్చునే ఉంది.

అయితే ఒక ప్రశ్న మిగిలింది. ఆ మొదటి గడ్డ మంచిదేనా? అదే చెడ్డదైతే రాలిందంతా విషమే.

"పరీక్షకి పంపించారా? ఆ రిపోర్టు ఉందా?"

"పంపిస్తే పేరు రాస్తారు గదా. ఎవురైనా చూస్తే? సీసాలో ఏసి నా చేతికిచ్చినారు, ల్యాబుకి తీసకపొమ్మని. పోలేదు."

"మరి ఏం చేశావు?"

చిన్నమ్మ తల పైకెత్తి అటక వైపు చూసింది.

"ఈడనే ఉంది."

ఆవిడ తప్పు చేసిన పిల్లలా చేతులు నలుపుకుంటూ చెప్పుకుపోయింది.

"బతికుండే బిడ్డ ఒంటి ముక్క మ్మే అది. పూడిస్తే బిడ్డని పూడ్చినట్ట. కాలిస్తే కాల్చినట్ట. కూవంలో ఏస్తే కుక్కలు ఈడుస్తాయి. ఇంక యాడ పెట్టేది?"

స్టూలు ఎక్కాను. అటక మీద బొమ్మల కొలువు పెట్టె, ఇత్తడి గుండిగలు, పాత చాపలు. వాటి వెనక, గోడ మూలన, పాత పట్టు గుడ్డలో చుట్టి ఒక గాజు సీసా. మూత చుట్టూ నల్ల టేపు. మూత మీద కుంకం, ఒకటి కాదు, పొరలు పొరలుగా గట్టిపడి వేలు మందాన ఉంది. పక్కన కర్పూరం కాల్చిన మసి. ప్రతి అమావాస్యకీ ఆవిడ స్టూలెక్కి దానికి దిష్టి తీసేదట, బిడ్డకి తీసినట్టే. లోపల నీళ్లు టీ రంగుకి తిరిగాయి. సీసా కదలగానే అడుగున ఉన్న పాలిపోయిన పోగులు మెల్లిగా లేచి, గుండ్రంగా తిరిగి, మళ్లీ పడుకున్నాయి.

ఇలాంటి సీసాలు నేను రోజూ చూస్తాను. వాటి పక్కనే టిఫిను డబ్బా పెట్టుకుంటాను. ఆ సీసాని ముట్టుకోవడానికి మాత్రం చాలా ధైర్యం కావలసి వచ్చింది. పట్టపగలే, కింద చిన్నమ్మ స్టూలు పట్టుకునే ఉంది, అయినా నాకు భయం వేసింది. అది చూసి భయం కాదు. అది ఇన్నేళ్లూ మా అందరి పండగలకీ ఈ ఇంట్లోనే, మా తలల మీదే ఉందని.

కానీ ఆ మందు నీళ్లకి ఒక గుణం ఉంది. ఎన్నేళ్లయినా ముక్కని కుళ్లనివ్వవు. కుంకం రాలకుండా సీసాని కొంగులో చుట్టుకుని ఆటో ఎక్కాను. డ్రైవరు అద్దంలోంచి చూసి "ఎన్నమ్మా, ఊరుగాయా?" అన్నాడు. ఆవకాయే అన్నాను.

పెద్దాయన ఆ సీసాని బల్ల మీద పెట్టుకుని కుంకం వైపు చూస్తూ కూర్చున్నాడు. సంగతంతా విని, "మీ చిన్నమ్మ చేసిన తప్పే మనకి దారి చూపించింది," అన్నాడు. సీసాలో ఉన్నదంతా, ఒక్క పోగు వదలకుండా స్లైడులు చేయమని పురమాయించాడు. గులాబి మచ్చ ఉన్న ముక్కని కూడా ఇంకా లోతుకి తరగమన్నాడు.

అవి తయారయ్యాక ఆయన ఒక చిత్రమైన పని చేశాడు. చెల్లెలి పాత స్లైడులూ కొత్త స్లైడులూ తీసుకుని, బీరువాలోంచి వేరే ఆడవాళ్లవి, మంచివీ చెడ్డవీ కొన్ని తీసి, అన్నిటి పేర్ల మీదా కాగితం అతికించి, పేకముక్కల్లా కలిపేశాడు. ట్రే నా ముందు పెట్టాడు.

"నియమం నియమమే. సొంత మనిషిది చదవకూడదు. ఇందులో ఎవరిది ఏదో నీకు తెలియదు. చదువు," అన్నాడు. "నేను నిన్ననే చదివాను. నీదీ నాదీ కలవాలి."

మొదటి స్లైడు పెట్టాను. చేతులు చల్లగా ఉన్నాయి. కేంద్రకాలు రాక్షసంగా, ఒక్కొక్కటీ ఒక్కో వికారంతో, ఎక్కడ చూసినా చీలికలే. చెడ్డది, అన్నాను. రెండోది మంచిది. మూడోది మంచిది. నాలుగోది చూడగానే చెడ్డది. ఒక్కొక్కటి చెబుతుంటే ఆయన ఒక్కొక్కటి పక్కన పెడుతున్నాడు, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా. కొంతసేపటికి చేతుల్లోకి వేడి వచ్చింది. నల్లచుక్కని చూసి ఇది చస్తున్నది, ఇది చీలుతున్నది కాదు అని తేలిగ్గా చెప్పగలుగుతున్నాను. ఇది నాకు తెలిసిన పనే కదా.

చివరి దాంట్లో దయ్యాలు కనిపించాయి.

గులాబి మచ్చ, కేంద్రకాలు లేని ఇళ్లు. ఇది దానిదే కావచ్చు, ఇంకెవరిదైనా కావచ్చు. స్లైడుని మెల్లిగా జరిపాను. మచ్చ అంచు వచ్చింది. అంచున చచ్చిన వాటికీ బతికిన వాటికీ మధ్య మచ్చకట్టిన పట్టీ, దాంట్లో చిన్న చిన్న కొత్త రక్తనాళాలు. మచ్చ చుట్టూ తిరిగి చూశాను. ఆ పట్టీ ఎక్కడా తెగలేదు.

"కంచె ఉంది," అన్నాను. "రక్తం అందక చచ్చినవి. మంచిది."

పెద్దాయన గోటితో కాగితాలు ఒక్కొక్కటే పీకాడు. చెడ్డవన్నీ ఎవరెవరివో. మంచివని నేను చెప్పినవాటిలో సీసాలోవీ, కడుపులోవీ, కంచె ఉన్నదీ, నా చెల్లెలివన్నీ ఉన్నాయి. ఆయన లెక్కా నా లెక్కా కలిసింది. "పయపడాదే," అన్నాడు, భయపడకని, నా తల మీద చెయ్యి పెట్టి. ఇన్నేళ్లలో ఆయన నన్ను ఎప్పుడూ అలా తాకలేదు. నేను ఆ ట్రే ముందే ఏడ్చాను.

రిపోర్టులో కారణం రాయకుండా కుదరదు. పూర్వం తురిమి తీసిన గర్భసంచి గడ్డ తాలూకు పలుకులు కడుపులో నాటుకున్నవి, కాన్సరు కాదు, కానీ స్కానులతో కనిపెట్టుకుని ఉండాలి అని రాశాడు పెద్దాయన. రాయబోయే ముందు నేను చెల్లెల్ని అడిగాను. "రాయమను అక్కా, మోసి మోసి అలసిపోయినా," అంది.

మరిది ఆ కాగితం రెండుసార్లు చదివాడు. హాల్లో చిన్నమ్మ తల దించుకుని కూర్చుని ఉంది, అత్తగారి మొహం మాడిపోయి ఉంది. నేను పోట్లాటకి సిద్ధంగా నిలబడ్డాను. అతను భార్య వైపు తిరిగి, "అయితే అపెండిక్స్ ఇంకా నీ దగ్గరే ఉందన్నమాట," అన్నాడు. అని, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. టీవీకి ఎవరో గొంతు పెంచారు.

సర్జను పెద్ద గడ్డలు తీసేశాడు. సగ్గుబియ్యం పలుకులు కొన్ని ఉండిపోయాయి, అన్నీ ఏరడం ఎవరి తరమూ కాదు. వాటి ఊసు ఎత్తితే చెల్లెలు, "ఉండనీలే, అద్దెకుండారు," అంటుంది. నేను నవ్వుతాను గానీ ప్రతి స్కానుకీ ముందు రోజు నాకు అన్నం దిగదు.

వియ్యపురాళ్లకి చాలా రోజులు మాటల్లేవు. సంక్రాంతి వెళ్లి, మాఘం కూడా సగం గడిచాక ఒక ఆదివారం అత్తగారు, కొడుకు, కోడలు కలిసి చింతాద్రిపేట వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. అత్తగారి చేతిలో పాత దుప్పట్లో చుట్టిన పెద్ద పలక లాంటిది ఉంది. దాన్ని గోడకి ఆనించి, చిన్నమ్మ కళ్లలోకి చూడకుండా అంది:

"వదినగారూ, దీన్ని ఏం చెయ్యాలో నాకు పాలుపోవడం లేదు. పగలగొడదామంటే చెయ్యి రాదు. చెత్తబుట్టలో వెయ్యడమేమిటి, నిక్షేపంలా బతికున్న పిల్లది! ఇంట్లో పెట్టుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. మీరైతే..."

చిన్నమ్మ లేచి స్టూలు తెచ్చి నా ముందు వేసింది.

పటం బరువుగా ఉంది. బొమ్మల కొలువు పెట్టె జరిపి గోడ మూలకి చెయ్యి పెట్టాను. అక్కడ దుమ్ములో సీసా ఉన్న చోట గుండ్రంగా, శుభ్రంగా ఒక ఆనవాలు ఇంకా ఉంది. పటాన్ని సరిగ్గా దాని మీద నిలబెట్టి, అలవాటుగా మొహం గోడ వైపు తిప్పాను.

కింద నుంచి చెల్లెలి గొంతు వినపడింది. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు చివరిదాకా రాలేదు.

"గోడకి తిప్పొద్దక్కా. ఊపిరాడదు."

దుప్పటి కొంచెం పక్కకి తీసి, మొహం ఇటు తిప్పి పెట్టి దిగాను.